పంపువారును పోవువారును

మన ప్రాంతపు క్రైస్తవ గృహములు కొన్నింటిలో, పొయ్యి ప్రక్కను ఒక చిన్న కుండ యుండుట మీలో ననేకులు చూచియుందురు. తల్లి పూటపూటకును ఎసటిలో పోయుటకు బియ్యము కొలిచి, అందులోనుండి ఒక పిడికెడు మరల తీసి ఆ కుండలో వేయును. ఆదివారమున ఆ కుండ గుడికి పోవును. దీనినే "పిడికెడు బియ్యము" అని మన పెద్దలు పిలిచిరి.

మా తరగతిలో నొక బాలుడు ఒకనాడు లేచి, "అయ్యా! ఆ బియ్యము ఎవరికి పోవును? పాదిరిగారికా? ఆయనకు పొలము కలదు గదా!" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని. కాని యింటికి పోయి యోచింపగా, ఆ బాలుని ప్రశ్న నవ్వి విడువదగినది కాదని తోచెను. అందులో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. మనము కన్నులార చూడని వారికొరకు మనయింటి బియ్యము ఎందుకు తీయవలెను? తీసినది సరియైన చోటికి చేరినదని మనకెట్లు తెలియును? ఇయ్యనేర్చిన సంఘము ఈ రెండింటికిని ఉత్తరము నెరిగి యుండవలెను. ఎరుగక ఇచ్చినచో దానము కేవలము అలవాటుగా మారును. అలవాటు ఒక కరవుతోనే నశించును. కాబట్టి ఈ వ్యాసమున ఆ రెండు ప్రశ్నలకు చరిత్రనుండి ఉత్తరము చెప్ప ప్రయత్నింతును.

మిషనెరీ యను మాటకు పంపబడినవాడని యర్థము. పంపబడినవాడున్నచో పంపినవారును ఉండవలెను గదా! అపొస్తలుల కాలమున అంతియొకయ సంఘమువారు ఉపవాసముండి ప్రార్థనచేసి, పౌలు బర్నబాల మీద చేతులుంచి వారిని పంపిరి. వారు తిరిగి వచ్చినప్పుడు సంఘము నంతటిని సమకూర్చి జరిగిన దంతయు వివరించిరి. ఈ చిన్న కథలోనే మిషను పని యొక్క విధానమంతయు నున్నది. పంపుట, పోవుట, తిరిగి వచ్చి లెక్క చెప్పుట: ఈ మూడింటిలో నేది లోపించినను పని కుంటుపడును. అయితే మనము పోవువారి పేరు జ్ఞాపకముంచుకొనుచున్నాము, పంపినవారి పేరు మరచిపోవుచున్నాము. అందుచేత ఈ వ్యాసమున పంపినవారిని గూర్చియే విశేషముగా చెప్పెదను.

1792 సం॥ అక్టోబరు 2వ తేదీన ఇంగ్లండు దేశమందలి కెట్టరింగు అను ఊరిలో, ఒక విధవరాలి యింటి గదిలో కొందరు బాప్తిస్టు బోధకులు కూడుకొనిరి. వారందరు బీదవారు. వారిలో విలియం కేరీ అనునతడు చెప్పులు కుట్టి, బడి చెప్పి జీవించినవాడు. ఆ దినమున వారు తమలో తాము వ్రాసికొనిన చందాల మొత్తము 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. దానితో ఒక మిషనరీ సంఘము ఏర్పడెను. ఆ సంఘమునకు కార్యదర్శియైన ఆండ్రూ ఫుల్లరు తరువాత ఈ పనిని ఒక లోతైన గనిలోనికి దిగుటతో పోల్చెనని చెప్పుదురు. కేరీ దిగుటకు సిద్ధపడెను. మిగిలినవారు పైననుండి త్రాడు పట్టుకొనెదమని మాట యిచ్చిరి.

ఈ యుపమానము మన పల్లెవాసులకు వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. బావిలో పూడిక తీయుటకు దిగిన వానిని మీరు చూచియున్నారు. వాని ప్రాణము వాని చేతిలో నుండదు, గట్టుమీద మోకు పట్టినవారి చేతిలో నుండును. మోకు పట్టినవాడు మాటలలో పడి పరధ్యానముగా నున్నచో క్రిందివాని గతి యేమి? దిగినవాని ధైర్యమును ఊరంతయు పొగడును, మోకు పట్టినవాని నెవ్వరును పొగడరు. అయినను పట్టు సడలినప్పుడు మాత్రము వాని పేరే ముందు వినబడును.

కేరీ 1793 సం॥న వంగ దేశమునకు వచ్చెను. ఆరంభమున ఇంగ్లండునుండి ధనము చాలక, నీలిమందు కార్ఖానాలో ఉద్యోగము చేసి కుటుంబమును పోషించుకొనెను. 1800 సం॥న శ్రీరాంపూరు చేరి, అటుతరువాత కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో భాషాబోధకుడై, తనకు వచ్చు జీతములో అధికభాగమును మిషనువారి ఉమ్మడి నిధికే ఇచ్చెను. అనగా పంపబడినవాడే పంపువాడుకూడ నయ్యెను. ఆ కార్యములో మన తెలుగునకును పాలు దొరకెను. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814 సం॥న ప్రకటింపబడెను. శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన 1818 సం॥న అచ్చుపడెను. కెట్టరింగులోని ఆ గదిలో చందా వ్రాసినవారు తెలుగు అను భాష యొకటి యున్నదని యెరిగియుందురో లేదో! అయినను వారి సొమ్ము మన యక్షరములకు అచ్చయ్యెను.

స్వదేశ మిషను, విదేశ మిషను అని రెండు మాటలు మనము తరచుగా వినుచున్నాము. తన దేశములోనే సంఘములేని చోట్లకు బోధకుని పంపుట మొదటిది. సముద్రము దాటించుట రెండవది. వీనిలో నేది గొప్పదని వాదించువారు కలరు. ఆ వాదమునకు గుంటూరు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 1842 సం॥ జూలై 31వ తేదీన గుంటూరు చేరిన లూథరన్ మిషనెరీ హయ్యరు గారు, అంతకుముందు అనేక సంవత్సరములు అమెరికాలోనే, క్రొత్తగా వలసపోయిన జనులున్న అరణ్య ప్రాంతములలో గుఱ్ఱముమీద తిరిగి సంఘములు కట్టినవారు. ఇండియానుండి తిరిగి వెళ్లిన పిమ్మట మరల అమెరికాలోని మిన్నెసోటా ప్రాంతములో అదే స్వదేశ మిషను పని చేసిరి. రాజమహేంద్రవరపు పని ఆగిపోవునేమో యని వినగానే 1869 సం॥న, 76 ఏండ్ల వయస్సున, మరల ఓడ యెక్కిరి. ఆయనకు స్వదేశము, విదేశము అను భేదము పనిలో లేదు, ప్రయాణములో మాత్రమే యుండెను.

పంపువారికి కావలసిన గుణములలో ఓర్పు మొదటిది. ధనమిచ్చుట యొకనాటి పని, ఓర్చుట యనేక సంవత్సరముల పని. అమెరికా బాప్తిస్టులు తమ తెలుగు మిషనును 1836 సం॥న ఆరంభించి, 1840 సం॥న నెల్లూరులో నెలకొల్పిరి. ఏండ్లు గడిచెను గాని ఫలము వ్రేళ్లమీద లెక్కింపదగినంత మాత్రమే. "ఇంత ఖర్చుకు ఇంతేనా? ఈ మిషనును మూసివేసి ఆ ధనమును ఫలమిచ్చు చోటికి మరల్చుదము" అను ఆలోచన అమెరికాలో 1853 సం॥లోను, 1862 సం॥లోను బలముగా వచ్చెను. మ్యాపులో ఒంటరిగానున్న ఆ నెల్లూరు గుర్తును "ఒంటి నక్షత్రము" అని పిలిచి కొందరు జాలిపడిరి. కాని వారు త్రాడు విడువలేదు. ఇంతలో 1854 సం॥ జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూవెట్టు దొరగారును, దొరసానిగారును, ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ఆ ప్రాంతముకొరకు ప్రార్థించిరి. అయిదుగురే! అందులో ముగ్గురు తెలుగువారని మీరు గమనింపవలెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును మహా క్షామము పీడించెను. ఒంగోలులోనున్న క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలకొలది జనులకు కూలి యిప్పించిరి. కరవు సాగుచుండగా బాప్తిస్మమిచ్చినచో అన్నముకొరకే వచ్చిరని లోకమనునని, ఇచ్చుట ఆపి యుంచిరి. కూలిపని ముగిసి, సహాయ ధనము పంచుట నిలిచిన పిమ్మటనే, 1878 సం॥ జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి యొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మిక్కిలి భాగము ఊరి వెలుపల నుంచబడిన బీద మాదిగ కుటుంబములవారు. 1862 సం॥న ఆ మిషనును మూసియుండినచో ఆ దినము వచ్చియుండునా? దూరముననున్న పంపువారి యోర్పుమీద ఎంత యాధారపడియుండెనో చూడుడు.

ఇంతవరకు చెప్పినది మనము పుచ్చుకొనిన కథ. మనము ఇచ్చిన కథ యిక చెప్పెదను. పుచ్చుకొనుట యెరిగిన సంఘము శిశువువంటిది. ఇచ్చుట నేర్చినప్పుడే అది పెద్దదగును. మన దేశపు సంఘములు ఈ పాఠమును నేర్చిన చరిత్రలో 1903వ సంవత్సరము ముఖ్యమైనది.

అరవ దేశమందలి తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లెటూరి పాదిరిగారి కుమారుడు వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు. 1902 సం॥న వారు సింహళములోని జాఫ్నాకు పోయినప్పుడు, అచ్చటి తమిళ క్రైస్తవులు తామే ధనము కూర్చి తమ మనుష్యులను ఇతర స్థలములకు సువార్త పనికి పంపుచుండుట చూచిరి. చూచి సిగ్గుపడిరి. తిరునెల్వేలి సంఘము జాఫ్నా సంఘముకంటె చాల పెద్దది; అందు పాదిరులు, ఉపాధ్యాయులు, వర్తకులు కలరు; గుడులును బడులును కలవు. కాని తాను సొంతముగా పోషించి పరప్రాంతమునకు పంపిన మిషనెరీ ఒక్కడును లేడు. ఇంటికి తిరిగి వచ్చి తోటివారితో ఆలోచించి, 1903 సం॥ ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో ఇండియను మిషనరీ సొసైటీని స్థాపించిరి. దాని నియమము సులభమైనది: మనుష్యులు మనవారు, ధనము మనది, నిర్వాహము మనది. దొరల సొమ్ము వచ్చునని ఎదురుచూడరాదు.

ఎక్కడికి పంపవలెను? విచారింపగా నైజాము రాష్ట్రమున, ఓరుగల్లు ప్రాంతములో, దోర్నకల్ చుట్టుప్రక్కల సువార్త పని దాదాపుగా లేని గ్రామములు కనబడెను. 1904 సం॥న శామ్యూలు పాక్యనాథను గారు మొదటి మిషనెరీగా అచ్చటికి వచ్చిరి. 1906 సం॥న మొదటి బాప్తిస్మములు జరిగెను. 1909 సం॥న అజరయ్య గారు తామే గురుపట్టము పొంది అక్కడికి వచ్చిరి. ఇల్లు లేదు, చెట్టు నీడను డేరా వేసికొని కాపురముండిరి. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట మన తెలుగు నేర్చుకొనిరి. 1912 సం॥ డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారికి బిషప్పు పట్టమయ్యెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనయే. 1945 సం॥ జనవరి 1వ తేదీన మరణించువరకు దోర్నకల్ పీఠముననే యుండిరి. 1939 సం॥న ప్రతిష్ఠింపబడిన అచ్చటి పెద్ద గుడిని మీరు చూచినచో, హిందూ ముసల్మాను శిల్పరీతులు రెండును ఆ కట్టడములో కలసియుండుట కనుగొందురు.

ఇందులో వింత యేమనగా, ఇది స్వదేశ మిషను. రైలెక్కి వచ్చిరి గాని ఓడ యెక్కలేదు. అయినను ఆ తమిళులకు మన దేశము పరదేశమువలెనే యుండెను. భాష వేరు, లిపి వేరు, కారము వేరు. నైజాము పరిపాలనయు వేరు. పల్లెలో పిల్లలు వారి యుచ్చారణను విని నవ్వియుందురు. తిరునెల్వేలిలోని ఒక విధవరాలు తానెన్నడును చూడని తెలుగు పల్లెకొరకు డబ్బాలో అణా వేయుట సులభమా? "మన యూరి గుడికి కప్పు లేదు, తెలుగువారికేల?" అని యడిగినవారుండరా? అయినను వారు వేసిరి.

సరిగా ఆ 1903వ సంవత్సరమందే మన తెలుగు సంఘమొకటి మరియొక త్రోవ త్రొక్కెను. అప్పటికి నలువది ఏండ్లకు పైగా, మద్రాసు రేవునుండి ఓడలు మన కూలీలను దక్షిణాఫ్రికాలోని నాటాలునకు తీసికొని పోవుచుండెను. 1860 మొదలు 1911 వరకు ఒక లక్ష యేబదివేల మందికి పైగా భారతీయులు అట్లు పోయిరి. అయిదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల కూలి, చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను పని. ఒడంబడిక తీరిన పిమ్మట తిరిగి రాక అచ్చటనే నిలువగోరిన వారిపై 1895 సం॥పు చట్టమువలన ఏటికి 3 పౌనుల పన్ను వచ్చిపడెను. ఆ పన్ను 1914 సం॥న గాని తొలగలేదు. ఆ కూలీలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్తిస్టులును కొందరు కలరు. వారికి గుడి లేదు. తెలుగున ఓదార్చు కాపరి లేడు.

వారి మొర విని, ఇచ్చటి తెలుగు బాప్తిస్టుల హోము మిషను సొసైటీవారు జాన్ రంగయ్య గారిని పంపిరి. పందొమ్మిదవ శతాబ్దము ముగియకముందే తెలుగువారు తమ దేశములోని పనికొరకు ఏర్పరచుకొనిన సొసైటీ అది. రంగయ్య గారు 1903 సం॥న నాటాలు చేరిరి. ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కెర్స్నీ అను తేయాకు తోట యొద్ద మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. లెక్కవేసి చూడుడు: గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిన దినమునుండి ఇరువదియైదు సంవత్సరములు దాటినవి. కరవులో కాలువ త్రవ్వి కూలి తిన్న తరమువారు ఇంకను బ్రదికియుండగనే, వారి సంఘము సముద్రమునకు ఆవలికి కాపరిని పంపెను. ఒకప్పుడు ఒంటి నక్షత్రమని పేరొందిన మిషను అది!

ఇచ్చటను ఒక వింత కలదు. ఇది విదేశ మిషను, మూడు నాలుగు వారములు ఓడపై పోవలెను. అయినను పోయినది మనవారి యొద్దకే. అక్కడ తెలుగు మాటయే, తెలుగు పాటయే, పిల్లలకు పెట్టిన పేర్లును మనవే. తిరునెల్వేలివారి స్వదేశ మిషనులో భాష పరాయిది. మనవారి విదేశ మిషనులో దేశము మాత్రమే పరాయిది. కాబట్టి స్వదేశము విదేశము అని సముద్రమునుబట్టి విభజించుట పొరపాటు. ఎవరికి కాపరి లేడో, ఎవరి కష్టము వినువాడు లేడో, వారే మనవారు. మా బాలుని మొదటి ప్రశ్నకు నా యుత్తరమిదియే.

ఇక రెండవ ప్రశ్న. ఈ పనికి ధనము ఎట్లు వచ్చును? ఎట్లు పోవును?

వచ్చు త్రోవలలో పిడికెడు బియ్యము ప్రశస్తమైనది. బీదయింట రొక్కము పురుషుని చేతిలో నుండును; బియ్యపు చేట స్త్రీ చేతిలో నుండును. రొక్కము నియ్యజాలని తల్లి ఈ విధముగా తన సొంత కానుక నియ్యగలిగెను. తూర్పున మిజో కొండలలోని క్రైస్తవ స్త్రీలు 1910 సం॥న ఇదే పద్ధతిని ఆరంభించి, ఆ బియ్యపు వెలతో ఎందరో సువార్తికులను పోషించుచున్నారు. మనలో బియ్యమే గాక కోత కాలపు పండుగనాడు తొలి పనలు, గుమ్మడికాయలు, గ్రుడ్లు, కోడిపుంజులు గుడి ముందరకు వచ్చును. ఆరాధన యైన తరువాత వానిని వేలము వేయుదురు. స్వల్ప వెల చేయు సొరకాయ వేలములో అయిదింతల వెలకు పోవుటయు కలదు, ఏలయన కొనువాడు కాయను గాక పనిని కొనుచున్నాడు. ఇవిగాక నెలచందాలు, పెండ్లికి బిడ్డకు ఇచ్చు కృతజ్ఞతార్పణలు, బడిపిల్లల కానుక డబ్బాలు కలవు.

పోవు త్రోవలు అనేకులకు తెలియవు. బోధకుని జీతమొక్కటే ఖర్చని తలంచెదరు. అది కాదు. ప్రయాణపు ఖర్చు, అద్దె యిల్లు, భాష నేర్పువానికి జీతము, పుస్తకములు, జ్వరము వచ్చినప్పుడు వైద్యము, పిల్లల చదువు, ముసలితనమున ఆధారము, ఆయన మృతినొందినచో భార్యాబిడ్డల పోషణ. వీనిలో నే యొక్కటి మరచినను పంపినవారు మాట తప్పినవారే. నెల సొమ్ము పదిదినములు ఆలస్యమైనచో ఇచ్చట మనకు తెలియనే తెలియదు. అక్కడ తెలియని ఊరిలో, తెలియని భాషలో, కోమటివాని యంగడి ముందు నిలిచి అప్పు అడుగవలసిన తల్లికి తెలియును. బావిలోనివానికి మోకు ఒక జేన జారినను తెలియును గదా!

అందుచేత లెక్క విషయమై ఎంత జాగ్రత్తయైనను అధికము కాదు. యెరూషలేములోని బీదలకొరకు సంఘములు కూర్చిన చందాను పౌలు తానొక్కడే తీసికొని పోవుటకు సమ్మతింపలేదు. సంఘములవలన ఏర్పడిన ఇతరులనుకూడ వెంట పెట్టుకొని పోయెను, ఎవ్వడును నింద మోపకుండునట్లు. అపొస్తలుడే ఇంత జాగ్రత్తపడగా మన కోశాధికారులెంత జాగ్రత్త పడవలెను! ఎంత వచ్చినది, ఎవరి చేతికి పోయినది, ఎంత మిగిలినది అను మూడు సంగతులు ఏటేట సంఘము ముందు చదువవలెను. బియ్యమైనను సోల తవ్వలతో సహా వ్రాయవలెను. లెక్క అడుగుట అవిశ్వాసమని కొందరు నొచ్చుకొందురు. నేనైతే లెక్క యడుగువాడే నిజముగా ఇచ్చినవాడని తలంచుచున్నాను. ఏమియు వేయనివాడే ఏమియు నడుగడు.

ఇంకొక సంగతి కూడ దాచక చెప్పవలెను. మిషనులు అన్నమును, బడిని, మందును ఎరగా చూపి మతము మార్చుచున్నారను ఆక్షేపణ మన దేశమున చిరకాలమునుండి కలదు. 1930 సం॥ తరువాత మహాత్మా గాంధీగారు దీనిని గట్టిగా పలికిరి. అజరయ్య గారికిని ఆయనకును ఈ విషయమున అభిప్రాయభేదముండెను. బీదవాడు ఆకలిచేతనే గాని మనస్సుచేత మారడనుట బీదవానికి మనస్సు లేదనుటయే యగునని సంఘపక్షమువారి సమాధానము. ఆ సమాధానము సత్యమే. అయినను ఆ యాక్షేపణ మనకు కావలివానివంటిది. కరవు తీరువరకు బాప్తిస్మమాపిన ఒంగోలు దొరగారు ఈ యాక్షేపణను ముందే విని జాగ్రత్తపడినవారు. సహాయము వేరు, విశ్వాసము వేరు. మందు అడిగినవానికి మందే యియ్యవలెను.

సహాయమునకు మరియొక మితి కూడ కలదు. పందొమ్మిదవ శతాబ్దమున చర్చి మిషనరీ సొసైటీకి కార్యదర్శిగా నుండిన హెన్రీ వెన్ను గారు, క్రొత్త సంఘము తన్ను తానే పోషించుకొనవలెను, తానే పాలించుకొనవలెను, తానే వ్యాపింపజేసికొనవలెను అని మూడు గురుతులు నియమించిరి. ఆ మూడును కనబడినప్పుడు మిషను తప్పుకొని ముందునకు సాగవలెను. పందిరి తీగకు ఆధారమే గాని తీగ పందిరికి బంధింపబడిన దాసి కాదు. అజరయ్య గారు బాప్తిస్మము పొందిన ప్రతివానిచేతను, తాను విన్నది ఇతరులకు చెప్పెదనని చేయి తలపై నుంచి ప్రమాణము చేయించుచుండిరి. నిన్న పుచ్చుకొనినవాడు నేడే ఇచ్చువాడు కావలెనని వారి తలంపు. ఎన్నటికిని ఇచ్చుచునే యుండుట దయ కాదు. అది ఎదుటివానిని ఎన్నటికిని చిన్నవానిగా నుంచుట.

"మనయింట పస్తులుండగా పరులకేల?" అను ప్రశ్న మిగిలియున్నది. దీనిని అడిగినవారిని నేను నిందింపను. గుడికప్పు కారుచున్న సంఘమున ఈ మాట వచ్చుట సహజము. కాని చరిత్రను చూడుడు. కెట్టరింగువారు ధనవంతులైన తరువాత ఇచ్చినవారు కారు. నాటాలునకు పంపిన మన తాతలు మనకంటె బీదవారు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చినది ఆమె వేసిన మొత్తమును చూచి కాదు. మన యిల్లు చక్కబడిన పిమ్మట ఇచ్చెదమనుకొనిన సంఘమునకు ఇల్లు ఎన్నడును చక్కబడదు. అయితే ఇచ్చుట పేరు చెప్పి సొంత బిడ్డ నాకలిగా నుంచుటయు న్యాయము కాదు. పిడికెడు బియ్యపు న్యాయ మిందుకే మేలైనది. అది కొలిచిన బియ్యములో పిడికెడే గాని కుండెడు కాదు, ఆ పూట ఎవ్వరును పస్తుండరు. ఆ కొరత ఇల్లంతయు కొంచెము కొంచెముగా పంచుకొనును.

ప్రియ విద్యార్థులారా! మీలో అందరును మిషనెరీలు కాబోరు. కొందరు ఉపాధ్యాయులు, కొందరు వైద్యులు, కొందరు రైతులు కాగలరు. కాని త్రాడు పట్టుట కెవ్వరును అనర్హులు కారు. మీ సంఘము పంపిన పనివారు ఎక్కడ నున్నారో, వారి బిడ్డ లెందరో తెలిసికొనుడు. సంవత్సరమున కొక్కసారియైన వారికి జాబు వ్రాయుడు. ధనముకంటె జాబునకే కన్నీరు వచ్చిన సమయములు దూరదేశమున నుండును. సంఘపు లెక్క చదువునాడు నిద్రపోక వినుడు. లెక్క వ్రాయ నేర్చినవారు మీ గుడి పెద్దలకు సహాయపడుడు, ఇదియు సేవయే.

మా తరగతి బాలునకు ఇంత సంగతి ఆ దినము చెప్పలేకపోయితిని. మరుసటి వారము అతనిని పిలిచి, "బాబూ! ఆ బియ్యము ఎవరికి పోవునో చెప్పెదను" అని కొంత చెప్పితిని. అతడంతయు విని, "అయితే అయ్యా, మనకును ఒకప్పుడు ఎవరో యొకరి వంటింటినుండి అట్లే వచ్చినదన్న మాట" అనెను. నేను చెప్పదలచిన మాటను నాకంటె చక్కగా చెప్పినందుకు అతనిని కూర్చుండుమని, పాఠము మొదలు పెట్టితిని.